ఇంటి వెనక బాడీ

రాయపూర్,
12 ఏప్రిల్ 1984.

శేషమ్మ వదినగారికి, మరదలు పైడమ్మ నమస్కారాలు. ఇక్కడ అందరం ఎండకి మాడుతూ బాగానే ఉన్నాం.

గవ్వలపేటలో ఇల్లు కొని వచ్చిన దగ్గర్నుంచి మీ తమ్ముడి కాలు నేల మీద నిలవడం లేదు. రైల్వే వ్యాగన్ షాపులో ఫిట్టర్లందరికీ చెప్పేశారు, సముద్రం మా గుమ్మం దాకా వచ్చి వెళ్తుందని. ఎన్నో ఏళ్ళు బోగీల కింద వెల్లకిలా పడుకుని పనిచేసిన మనిషి కదా, పోనీలే మురవనీ అని ఊరుకున్నాను. మే నెలాఖరుకి రిటైరవుతారు. జూలైలో ఈ క్వార్టరు ఖాళీ చేసి గుఢియారీలో మేడ మీద రెండు గదుల్లోకి మారతాం. పెద్దాడికి ఉర్లాలో ఉద్యోగం కాబట్టి మకాం ఇక్కడే. ఎండాకాలం, దసరా సెలవులు మాత్రం పిల్లా పీచూ అందరం మీ ఊళ్ళో కొత్తింట్లో. ఇదీ మా ప్రోగ్రాం.

ఇల్లు మీ వీధిలోనే ఉంది కాబట్టి అప్పటిదాకా భారం మీది. కిటికీలన్నిటికీ జాలీ వేయించండి, దోమలంటే నాకు పడదు. మా కూలర్ కూడా రైల్లో వేసి పంపిస్తున్నాం, వట్టివేళ్ళ తడకలతో సహా. మాకు అది లేకపోతే నిద్ర పట్టదు.

ఇంకో మాట. ఇంటి వెనక బాడీ ఉంది కదా. నేను సముద్రం చూసి కాదు వదినా, ఆ బాడీ ఉందన్నందుకే ఈ ఇంటికి సరే అన్నాను. ఎంత ఉంటుందని అడిగితే మీ తమ్ముడు రెండు చేతులూ బార్లా చాపి చూపించారు. అది ఎలా ఉందో మీ కళ్ళతో చూసి రాయండి. ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

మీ జవాబు వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చునే
మీ మరదలు
పైడమ్మ


గవ్వలపేట,
20 ఏప్రిల్ 1984.

మరదలు పైడమ్మకి, ఆడపడుచు శేషమ్మ దీవెనలు. నా మోకాళ్ళు తప్ప ఇక్కడ అన్నీ బాగున్నాయి.

నీ ఉత్తరం రెండు సార్లు చదివేను. కిటికీలకి జాలి వెయ్యడం ఏటమ్మా? ఈ ఊళ్ళో నా మీదే ఎవరికీ జాలి లేదు, కిటికీల మీద ఎవరికుంటుంది. అయినా నువ్వు చెప్పేవు కాబట్టి తడిగుడ్డతో తుడిపించేను.

ఇక ఆ రెండోది. ఒలమ్మ, అలాంటివి కాయితం మీద రాస్తారేటి? రాసేవు కాబట్టి వెళ్ళి చూసేను. దండెం మీద చూసేను, తలుపు వెనకాల చిలక్కొయ్యకి చూసేను, కింద పడిందేమోనని ఇసకలో కాలితో కెలికి కూడా చూసేను. ఏ బాడీ లేదు. ఇల్లు అమ్మిన వెంకటరత్నం పెళ్ళాం తన బట్టలన్నీ మూట కట్టుకుని పోయింది. లోపల తొడుక్కునేది వదిలేసి పోతుందేటి?

నాకు అర్థం కానిది ఒకటుంది. మా తమ్ముడు చేతులు బార్లా చాపి చూపించేడన్నావు. ఆవిడ భారీ మనిషే, నేను కాదనను. కానీ ఆవిడ బాడీ కొలత వాడికి ఎలగ తెలిసింది? నువ్వు ఈ కబుర్లూ కాకరకాయలూ మాని ముందు ఆ సంగతి కనుక్కో.

నీకు అంత అవసరంగా ఉంటే విశాఖపట్నం నుంచి కొత్తది తెప్పిస్తాను. ఒకరిది తొడుక్కోవడం మన ఇంటా వంటా లేదు. సైజు రాయి.

వయసుకి తగ్గ మాటలు రాయమని కోరుతూ
శేషమ్మ


రాయపూర్,
28 ఏప్రిల్ 1984.

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నేనే పైకి చదివాను, అదే నా పొరపాటు. పెద్దాడు అన్నం ముందు నుంచి లేచి బయటికి పోయాడు. మీ తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వారు. వెంకటరత్నం భార్య గురించి నేను అడిగేసరికి మాత్రం నవ్వు ఆపేసి పేపరు అడ్డం పెట్టుకున్నారు.

వదినా, బాడీ అంటే ఇక్కడ ఇంటి వెనక కూరగాయలు వేసుకునే జాగా. మీరు పెరటి తోట అంటారే, అది. ఛత్తీస్‌గఢ్ వాళ్ళందరూ అలాగే అంటారు. నేను పుట్టింది పెరిగింది రాయపూర్‌లో, నాకు తెలుగేదో హిందీ ఏదో ఎప్పుడూ తేలదు. జాలీ అంటే దోమలు రాకుండా కిటికీకి కొట్టే సన్న వల. మీరు జాలి పడొద్దు, వడ్రంగిని పిలవండి చాలు.

నవ్వులాట పక్కన పెట్టి నా బాధ చెప్తాను. ఈ క్వార్టరు వెనక బాడీ నేను పెళ్ళయి వచ్చినప్పుడు కాలిన బొగ్గు పెళ్ళలు పోసిన దిబ్బ. పేడ మోసి, పొయ్యి బూడిద పోసి దాన్ని పూరా మట్టి చేశాను. వంకాయ, సేమీ చిక్కుళ్ళు, లాల్ భాజీ ఎర్ర తోటకూర అన్నీ వేశాను. ఒక మూలంతా చామ. ఆ చామ మా అమ్మ బొబ్బిలి నుంచి మా నాన్నతో ఇక్కడికి వచ్చినప్పుడు కొంగున కట్టుకుని తెచ్చిన దుంపల పిలకలు. ఇప్పుడు ఈ క్వార్టరులోకి రాబోయే గుమాస్తా బాబు వచ్చి చూసుకుని వెళ్ళాడు. స్కూటర్ పెట్టుకోవడానికి వెనకంతా సిమెంటు చేయిస్తాడట. గుఢియారీ మేడ మీద గుప్పెడు మట్టి కూడా లేదు.

అందుకే దుంపలు తవ్వి తడి గోనెలో పెట్టాను. తొలకరికి అవి నేలలో పడాలి, లేకపోతే ఎండిపోతాయి. మా అమ్మది నా దగ్గర మిగిలింది ఇదొక్కటే వదినా. అక్కడ బాడీ ఉందన్న ధైర్యంతోనే తవ్వాను.

మీరు ఇసకలో కెలికానన్నారు. బాడీలో ఇసక ఎందుకుంది? వెంకటరత్నం గోడ కట్టడానికి పోయించి ఉంటాడు. ఎత్తించేయండి. మట్టి నల్లదా ఎర్రదా, అది ఒక్కటి రాయండి.

సైజు అక్కర్లేని
మీ పైడమ్మ


గవ్వలపేట,
8 మే 1984.

మరదలు పైడమ్మకి శేషమ్మ దీవెనలు.

బాడీ అంటే తోట అని తెలిసేక నాలో నేనే నవ్వుకున్నాను. కిటికీలకి వల కొట్టించేను. వడ్రంగి దొరకలేదు, చేపల వల దొరికింది. దోమలు ఆగవు గానీ పావురాలు ఆగుతున్నాయి.

మీ కూలరు వచ్చింది. నలుగురు మోసుకొచ్చేరు. నీళ్ళు పోసి పెట్టగానే గోడలకి చెమట పట్టింది, డబ్బాలో పంచదార పాకమయింది, నా మోకాళ్ళు మూలిగేయి. అమ్మా, ఇది సముద్రపొడ్డు, ఇక్కడ గాలే తడిసి ఉంటుంది. ఆపించేసేను. ఎదురింటి వరహాలమ్మ కోడిపెట్ట అందులో దూరి గుడ్ల మీద కూర్చుంది. వట్టివేళ్ళ వాసన దానికి నచ్చినట్టుంది.

నీ తోట సంగతి అడిగేవు. వెనక తలుపు తీస్తే గాలి చాలా బాగా వస్తుంది. ఎండ కూడా బాగా పడుతుంది. అందుకే వరహాలమ్మని అక్కడ చేపలు ఆరబెట్టుకోమన్నాను, మనిషి తిరుగుతుంటే ఇల్లు కనిపెట్టి ఉన్నట్టు ఉంటుంది. మిగతావి నువ్వు వచ్చేక చూసుకుందువు గాని, తొందరేటి.

తమ్ముడికి ఒంట్లో ఎలా ఉంది? మెతక మనిషి, చిన్నప్పటి నుంచీ అంతే. వాణ్ని ఏమీ అనకు.

నీ మంచి కోరే
శేషమ్మ


రాయపూర్,
17 మే 1984.
(కార్డు)

శేషమ్మగారికి,

బాడీ సంగతి అడిగితే మీరు గాలి సంగతి రాశారు. మీరేదో దాస్తున్నారని నాకు తెలిసిపోయింది. బాడీ మీద చేపలు పరిచేస్తే ఇక ఎవరికీ కనబడదనుకున్నారా? వరహాలమ్మకీ ఇందులో భాగం ఉందన్నమాట. ముందు ఆ చేపలు తీయించి జల్దీగా, లోతుగా తవ్వించండి. వానలు పడ్డాక అయితే అంతా కుళ్ళిపోతుంది, ఎందుకూ పనికిరాదు. ఇరుగు పొరుగుకి తెలియనివ్వకండి, తెలిస్తే వాళ్ళూ వచ్చి కూర్చుంటారు. నా చేత్తో పాతిపెట్టాలనుకున్నాను. ఆ రాత నాకు లేనట్టుంది. ఈయన్ని అడిగితే ముఖం తిప్పుకుంటున్నారు.

ఇట్లు,
పైడమ్మ


గవ్వలపేట,
28 మే 1984.

పైడమ్మా,

ఇకమీదట నాకు కార్డు రాయకు. కవరులో పెట్టి, అంటించి, దాని మీద ఇంకోసారి అంటించి పంపు.

మా పోస్ట్‌మ్యాన్ అప్పారావుకి కార్డులు చదవడం తిండితో సమానం. నీ కార్డు చదివి మా ఇంటికి రాలేదు, తిన్నగా హెడ్డు కానిస్టేబుల్ సత్తిరాజు దగ్గరికి పోయేడు. నేను పొయ్యి మీద చింతపండు పులుసు పెట్టి ఉన్నాను. నలుగురు మనుషులు, నాలుగు పారలు, వాళ్ళ ముందు సత్తిరాజు, వెనకాల ఊరంతా. అతను వీధిలో నిలబడి నీ కార్డు పైకి చదివేడు. "నా చేత్తో పాతిపెట్టాలనుకున్నాను" అన్న దగ్గర ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "వరహాలమ్మకీ భాగం ఉంది" అన్న దగ్గర వరహాలమ్మ చేపల తట్ట అక్కడే పడేసి ఒడ్డు వేపు పరుగెత్తింది. ఈ రోజుకీ నాతో మాట్లాడటం లేదు.

శవం ఎవరిదమ్మా, ఎక్కడ పాతేరు అని సత్తిరాజు నన్ను అడిగేడు. నిజం చెప్పడానికి నోరు తెరిచేను. అప్పుడు ఆ నాలుగు పారలకేసి చూసేను, ఆ నలుగురు మనుషుల కండలకేసి చూసేను. నోరు మూసేసుకున్నాను. ఏమో బాబూ, నాకేం తెలుసు, తవ్వి చూసుకోండి అన్నాను.

ఎందుకలగ చేసేనో ఇప్పుడు రాస్తాను, కోప్పడకుండా చదువు. వెనక తోట లేదు పైడమ్మా. గోడ నుంచి గోడ దాకా ఇసక. మా తమ్ముడు ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు సముద్రంకేసి తిరిగి నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు, వెనక తలుపు తియ్యనే లేదు. నువ్వు అడిగినప్పుడు ఉందనేసేడు. వాణ్ని నువ్వు తిడతావని నేను గాలి గురించి రాసేను. ఆ ఇసక ఎత్తించడానికి కూలివాళ్ళని అడిగితే ఒక్కడూ రాలేదు. దేవుడు పోలీసుల రూపంలో పంపించేడు, నేను వద్దనడమేటి?

పొద్దు వాలేదాకా తవ్వేరు. వాళ్ళు ఆగినప్పుడల్లా నేను మజ్జిగ ఇచ్చి, ఆ ఈశాన్యం మూల కూడా చూడండి బాబూ, నాకు అటే అనుమానంగా ఉంది అన్నాను. ఇసకంతా గోడవతలకి పోసేరు. నడుం లోతున ఎర్రమట్టి తగిలింది. పూడిపోయిన పాత నూతి వొర కూడా ఒకటి బయటపడింది.

ఆఖర్న సత్తిరాజు పారకి ఏదో గుడ్డ తగిలింది. అందరూ వెనక్కి జరిగేరు. అతను ముక్కు మూసుకుని కర్రతో పైకి లాగేడు. చివికిపోయిన బాడీ, వెనక కొక్కేలు తుప్పు పట్టి ఉన్నాయి. వెంకటరత్నం పెళ్ళాందే. మా తమ్ముడు చేతులు చాపిన కొలత తప్పు కాదు.

అప్పుడు అసలు సంగతి చెప్పేను. సత్తిరాజు గట్టు మీద కూర్చుని టోపీ తీసి ఇసక దులుపుకున్నాడు. తర్వాత అన్నాడు, "అమ్మా, పై ఆఫీసరు బాడీ దొరికిందా అని అడిగితే నేను ఏమని చెప్పాలి?" దొరికిందనే చెప్పు బాబూ అన్నాను.

నవ్వుతావని ఆశపడుతూ
శేషమ్మ


రాయపూర్,
7 జూన్ 1984.

వదినగారికి,

సత్తిరాజు దాకా నవ్వాను. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని కళ్ళంట నీళ్ళు వచ్చేలా నవ్వాను. తర్వాత ఆ నీళ్ళు ఆగలేదు.

నాకు ఇసక మీద కోపం లేదు. లేదని చెప్పి ఉంటే మట్టి ఎక్కడుందో అక్కడే ఒక గది వెతుక్కునేదాన్ని, సముద్రం లేకపోయినా ఫరవాలేదు. మీ తమ్ముడు చేతులు చాపి ఉందన్నారు. మీరు గాలి బాగుందన్నారు. ఇద్దరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారు. ఇప్పుడు ఎర్రమట్టి తగిలిందని రాస్తే నేను ఎలా నమ్మాలి? ఇది కూడా నన్ను ఊరుకోబెట్టడానికేనని తెలుస్తూనే ఉంది.

ఈయన్ని నిలబెట్టి అడిగాను. తల దించుకుని, "నువ్వు ఆశగా అడిగావు, లేదనలేకపోయాను" అన్నారు. ఎన్నో ఏళ్ళు బోగీ చక్రాలు గీటు తేడా లేకుండా చూసిన మనిషి ఇంటి వెనక తలుపు తీసి చూడలేకపోయారు.

రాత్రి గోనె విప్పి చూశాను. దుంపలు మొలకలు వేసేశాయి. ఇక ఆగవు. గోనె ఈయన చేతికి ఇచ్చి గుఢియారీలో మా స్నేహితురాలు నాంచారమ్మకి ఇచ్చేయమన్నాను, పులుసు పెట్టుకుంటుంది. మా ఇంట్లో నేను వండలేను. ఇచ్చేసి అటు నుంచి అటే పెన్షన్ పని మీద బిలాస్‌పూర్ వెళ్ళొస్తానని పొద్దున్నే బయల్దేరారు. ఎన్నాళ్ళు పడుతుందని కూడా నేను అడగలేదు.

ఆ ఇంటికి బేరం వస్తే చూడండి. నాకు రావాలని లేదు. కూలర్ కోడికే ఉంచేయండి.

పైడమ్మ


గవ్వలపేట,
19 జూన్ 1984.

పిచ్చి పైడమ్మకి, అబద్ధాలకోరు శేషమ్మ రాసింది. ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా నా మోకాళ్ళు ఇలగే ఉండిపోనీ.

బిలాస్‌పూర్‌లో పని తెమల్లేదని మీ ఆయన నీకు కార్డు రాసేడు కదా. ఆ కార్డు మీద పోస్టాఫీసు ముద్ర చూసేవా? ఇప్పుడు తీసి చూడు. అది మా ఊరి పక్క భీమిలి ముద్ర. కార్డు మీద ముద్ర పడుతుందిరా, దొరికిపోతావు అని నేను చెబుతూనే ఉన్నాను, వినలేదు. అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా చేతకాదు వాడికి. వాడి కోసం నువ్వు రాయపూర్‌లో పోలీసు రిపోర్టు ఇవ్వకు, నాకు పోలీసులు ఇప్పటికే చాలు.

నాంచారమ్మ ఇంటికి పోలేదు, గోనె పట్టుకుని రైలెక్కి తిన్నగా ఇక్కడికి వచ్చేడు. సీటు దొరికితే గోనెని కూర్చోబెట్టి తను నిలబడ్డాడట. వచ్చినవాడు నన్ను పలకరించలేదు, సముద్రంకేసి చూడలేదు. వెనక తలుపు తీసుకుని వెళ్ళేడు. ఆ గోతిలో దిగి ఎర్రమట్టి పిడికెడు తీసి నలిపి చూసుకుని అక్కడే కూర్చున్నాడు. ఎంతసేపటికీ లేవకపోతే నేనే వెళ్ళి, దిగేవు కదా, ఇక పని చూడు అన్నాను.

నూతి పూడిక తీయించేడు. అందులోంచి వచ్చిన నల్ల బురద గోతిలో పోసేడు. నాలుగు బళ్ళ పశువుల గత్తం తోలించేడు. చుట్టూ మెట్లు మెట్లుగా చెక్కి, నూతి పక్కన తడి ఆగే చోట మీ అమ్మ దుంపలు పెట్టేడు. రైల్వేవాడు కదా, తాడు కట్టి వరసలు చూసుకున్నాడు. రోజూ పొద్దున్న గత్తంలో మోకాలి లోతున నిలబడి వాటితో ఏదో మాట్లాడుతున్నాడు. నీతో చెప్పాల్సినవి వాటితో చెబుతున్నాడని నా అనుమానం. సత్తిరాజు కూడా రెండు సార్లు వచ్చి చూసి పోయేడు. తను తవ్విన చోట ఏం కాస్తుందో అతనికీ చూడాలనుంటుంది కదా. మొదటి పులుసు నాకే పెట్టాలమ్మా అన్నాడు. వరహాలమ్మ మాత్రం గోడ అవతల నుంచే తొంగి చూస్తోంది. నువ్వు వచ్చి ఆవిడకి నీ నోటితో సర్దిచెప్పుకోవాలి, కార్డు రాసింది నువ్వు కదా. కూలర్లో కోడి పిల్లల్ని లేపింది, ఆ గొడవ వేరే.

మొన్న వాన పడింది. నిన్న మీ తమ్ముడు అని నువ్వు అనే ఆ మనిషి పొద్దున్నే నన్ను నిద్ర లేపి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకుపోయేడు. ఒక మొక్క ఆకు విప్పింది. నా అరచేతంత ఉంది, మీద నీటి బొట్టు నిలబడి ఉంది. దాని పక్కన ఇంకో రెండు ముడుచుకుని ఉన్నాయి. వాడు మోకాళ్ళ మీద కూర్చుని దాని మొదట్లో మట్టి సర్దేడు.

నీకు వెంటనే తెలియాలని భీమిలి వెళ్ళి టెలిగ్రాం ఇవ్వబోయేను. కౌంటర్లో కుర్రాడు నేను చెప్పిన మాటలు రాసుకుని, పైకి చదువుకుని, కాయితం నా చేతికి తిరిగి ఇచ్చేసేడు. ఇది పంపితే రెండు రాష్ట్రాల పోలీసులూ వస్తారమ్మా, ఉత్తరం రాసుకోండి అన్నాడు. అందుకే కవరులో పెట్టి, అంటించి, మళ్ళీ అంటించి పంపిస్తున్నాను. టెలిగ్రాంలో ఉన్నది ఇదే:

బాడీ దొరికింది. బతికే ఉంది. నువ్వు బయల్దేరు.

నీ ఆడపడుచు
శేషమ్మ